ఇల్లరికం బ్రౌజర్

యావోర్ మా ఆఫీసులో చేరిన రోజే చెప్పాను, నా పని మంచిదే గాని నోరు మంచిది కాదు, రెండూ కలిపి భరించాలని. వాడు నవ్వేసి, అలాంటివి ఇంట్లో అలవాటైపోయాయక్కా అన్నాడు. ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను. వాడు సముద్రపు ఒడ్డున బుర్గాస్‌లో పుట్టి పెరిగినవాడనీ, మా క్యుస్తెందిల్ పిల్లను ప్రేమించి పెళ్ళాడి మామగారింట్లోనే కాపురం పెట్టాడనీ తర్వాత తెలిసింది. అంటే ఇల్లరికం అల్లుడన్నమాట. మా బల్గేరియాలో ఈ మాటకున్నంత చులకన ఇంకో మాటకు లేదు. మా భాషలో దాని అసలు అర్థం ఇంట్లోకి దూరినవాడని. పెళ్ళి భోజనాల్లో నాలుగు గుక్కలు పడ్డాక ఎవడు జోకు మొదలెట్టినా మొదటి వేటు ఇల్లరికం అల్లుడికే పడుతుంది.

వాడి మామగారి పేరు వెలిచ్కో. ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ మర్యాదగా బాయ్ వెలిచ్కో, అంటే వెలిచ్కో అన్న, అంటారు. చుట్టుపక్కల తోటల్లో పండిన చెర్రీలు చాలావరకు ఆయన యార్డుకే వస్తాయి. అక్కడ కాటా వేసి, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, లారీల్లో సరిహద్దు దాటిస్తారు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడకుండానే ఎదుటివాడికి చెమటలు పట్టించగలడు. కాటా దగ్గర కూర్చునేది ఆయన భార్య నెవెనా. ఆవిడ కీబోర్డు మీద చెయ్యి వేసిందంటే ఇక కిందికి చూడదు, వేళ్ళకు దారి తెలుసు.

ఆవిడ వాడే ప్రోగ్రాం నేను రాసిందే. నా జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో రాశాను. బూడిదరంగు తెర, నాలుగు గళ్ళు, అడుగున పెద్ద అంకెల్లో బరువు. కాటా నుంచి ఒక వైరు వచ్చి కంప్యూటర్‌కు తగులుకుంటుంది. ఎఫ్-ఫైవ్ కీ నొక్కితే బరువు తెరమీదికొస్తుంది, చీటీ ప్రింటవుతుంది. అంతే. ఈనాటి కుర్రాళ్ళు దాన్ని చూసి మ్యూజియంలో పెట్టమంటారు. పెట్టుకోండి నాయనా, మీరు రాసినవి నెలకోసారి మంచం పడుతున్నాయి, నాది ఒక్కనాడూ పేచీ పెట్టలేదు అని నేనూ అంటాను.

చిక్కు పోయినేడు వచ్చింది. మా చెర్రీలు కొనే జర్మన్ కంపెనీవాళ్ళు ఒక కొత్త షరతు పెట్టారు. కాటా మీద పెట్టిన ప్రతి పెట్టె ఎవరిది, ఏ తోటలోది, ఎంత తూగింది అన్నది అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో వాళ్ళ పేజీలో ఎక్కించాలట. నెవెనా పాపం తెరమీద రెండు కిటికీలు తెరుచుకుని, ఇందులో తూచి, అందులోకి దూకి, అక్కడ టైపు చేసి, మళ్ళీ ఇందులోకి దూకి, ఆ దూకుళ్ళలో స్పాస్ అనే రైతు చెర్రీలు తీసుకెళ్ళి వాడితో మాటల్లేని పెదనాన్న కొడుకు పేర రాసేసింది. ఆ గొడవ ఊళ్ళో ఇప్పటికీ చల్లారలేదు. స్పాస్ గొంతు పెద్దది, జ్ఞాపకం అంతకంటే పెద్దది.

అందుకని ఈ ఏడు ఆ జర్మన్ పేజీని నా ప్రోగ్రాంలోపలికే తెచ్చేయాలని అనుకున్నాం. ఇంటర్నెట్ చూసే బ్రౌజర్ ఉంటుంది కదా, పైన అడ్రసు గడి, చుట్టూ చట్రం, బటన్లు, అన్నీ ఊడదీసి, లోపలి గుజ్జు మాత్రం తెచ్చి నా బూడిదరంగు తెరలో ఒక గది ఇచ్చి కూర్చోబెట్టడం. చూసేవాళ్ళకు అంతా ఒకే ప్రోగ్రాంలా ఉంటుంది. యావోర్ ఈ పని చేస్తానని ముందుకొచ్చాడు. వాడు ముందుకు రాకపోయినా వాడికే అంటగట్టేదాన్ని, నాకు ఆ బ్రౌజర్ ముక్కంటేనే ఒళ్ళుమంట.

ఎందుకంటారా, నా ప్రోగ్రాం మొత్తం ఒక చేతిసంచిలో పట్టేంత. ఈ బ్రౌజర్‌గాడేమో లారీడు సామానుతో దిగాడు. దిగీ దిగగానే కంప్యూటర్‌లో ఉన్న మెమరీ అంతా తనదే అన్నట్టు మేయడం మొదలెట్టాడు. అడక్కుండా తనంతట తనే పుట్టింటి నుంచి కొత్త సామాను తెప్పించుకుంటాడు. పైగా కొద్దిగా ఏదన్నా అయితే అలిగి బిగుసుకుపోతాడు. ఇదంతా ఒకరోజు యావోర్ ముందు ఏకరువు పెడుతున్నాను. మంచి గది ఇచ్చాం, వేళకు కరెంటిస్తున్నాం, వీడికింకా ఏం కావాలి, ఊరికే తిని కూర్చుంటున్నాడు అని. వాడు కుర్చీ నా వైపు తిప్పాడు.

"అక్కా, నువ్వు చెప్తున్నది బ్రౌజర్ గురించా, నా గురించా? మా మామయ్య రోజూ చెప్పే మాటలే, ఒక్కటి కూడా పొల్లుపోలేదు."

నవ్వలేక చచ్చాం ఇద్దరం. ఆ రోజు నుంచి దానికి మా ఆఫీసులో ఇల్లరికం అల్లుడని పేరు ఖాయమైపోయింది. అల్లుడు లేచాడా, అల్లుడు తిన్నాడా, అల్లుడు ఎందుకలిగాడు, ఇవే మా మాటలు. కింద బేకరీ నడిపే ఆవిడ మా ఇద్దరిలో ఎవరికో పెళ్ళయిన కూతురుందని చాలాకాలం నమ్మింది.

అయితే ఇంట్లో మాత్రం వాడికి నవ్వులాటగా లేదు. వెలిచ్కో లారీ నడిపే పెద్దాయన మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాడు. కొత్త డ్రైవర్ కోసం ఊరంతా తిరగడం దేనికి, ఇంట్లో ఒకడు కూర్చుని తెర వంక చూస్తున్నాడుగా అనుకున్నాడు మామగారు. భోజనాల దగ్గర సూప్ వడ్డిస్తుండగా, చెర్రీల సీజన్ నుంచి లారీ నువ్వు తీసుకో అన్నాడట, ఉప్పు అందుకో అన్నంత తేలిగ్గా. యావోర్‌కు కొండదారిలో రెండు మలుపులు తిరిగితే కడుపులో తిప్పేస్తుంది. అది చిన్న సంగతి. మర్నాడు ఆఫీసుకొచ్చి, కోటు విప్పకుండానే కూర్చుని అన్నాడు.

"లారీ ఎక్కితే ఇక దిగనక్కా. ఇల్లు వాళ్ళది, మంచం వాళ్ళది, నేను తినే కంచం కూడా మా అత్తయ్య పెళ్ళినాటిది. నాదంటూ ఉన్నది ఈ పనొక్కటే."

నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడమంటే మామూలు సంగతి కాదు. మా అమ్మ చనిపోయిన రోజున కూడా పూజారితో తగువు వేసుకున్నాను నేను. ఆ కుర్రాడి ముఖం చూస్తే మాత్రం గుండె తరుక్కుపోయింది.

నెవెనా మధ్యలో పడి ఒక ఒప్పందం కుదిర్చింది. చెర్రీలు తూచడం మొదలయ్యే మొదటి రోజు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా యావోర్ పెట్టిన కొత్త తెర వల్ల రైతుల క్యూ ఆగకపోతే లారీ మాట ఇక ఎత్తకూడదు. ఆగిందో, వాడు నోరెత్తకుండా తాళాలు తీసుకోవాలి. మామా అల్లుళ్ళు మా పండ్ల సారా రకియా గ్లాసులు తాకించుకుని సరే అన్నారు. గ్లాసు తాకించాక మాట తప్పడమన్నది మా వైపు లేదు.

ఇక చూడాలి మా తిప్పలు. సీజన్‌కు ముందు ఒకసారి నెవెనాను కూర్చోబెట్టి ప్రయత్నం చేశాం. ఆవిడ జర్మన్ పేజీలో ఒక రైతు పేరు, తోట పేరు చకచకా కొట్టి, అలవాటు కొద్దీ ఎఫ్-ఫైవ్ నొక్కింది. నా ప్రోగ్రాంలో దానికర్థం బరువు తీసుకో అని. బ్రౌజర్ దగ్గర దానికర్థం పేజీ మళ్ళీ మొదట్నుంచి చదువు అని. కొట్టినదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆవిడ తన వేలి వంక చూసుకుంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ పోయింది. యావోర్ వైపు తిరిగి, నేను చెప్పిందంతా వింటున్నట్టే ఉండి చివర్లో మర్చిపోతున్నాడేమిటయ్యా మీవాడు, అచ్చం మా ఆయనే అంది.

ఇంకో తంటా ఏమిటంటే, లోపలికెళ్ళిన కర్సర్ బయటికి రాదు. ఒకసారి ఆ పేజీలో కాలుపెట్టిందా, అక్కడే గిరగిరా తిరుగుతుంది గాని నా గళ్ళలోకి రమ్మంటే రాదు. మౌసు కుడివైపు నొక్కితే ఎవరూ అడగని చిట్టా ఒకటి తెరుచుకుని, పేజీ దాచమంటారా, ప్రింటు తీయమంటారా, అనువాదం చేయమంటారా అని వేధిస్తుంది. నెవెనా పొరపాటున అనువాదం నొక్కింది. జర్మన్ మాటలు బల్గేరియన్‌లోకి వచ్చాయి, ఎలా వచ్చాయంటే చెర్రీ తొడిమ అన్నచోట పిల్లి తోక అని పడింది. తోక ఉన్నవి, తోక లేనివి వేరువేరుగా తూచాలని ఆ పేజీ ఆవిడకు చెప్పింది.

యావోర్ ఆ వారమంతా తల పైకెత్తలేదు. చివరికి ఒక పద్ధతి పట్టాడు. ఏ కీ నొక్కినా అది తిన్నగా బ్రౌజర్‌కు పోకుండా, ముందు నా ప్రోగ్రాం గుమ్మం దగ్గర ఆగి అనుమతి అడగాలి. ఎఫ్-ఫైవ్ వస్తే ప్రోగ్రాం తనే తీసుకుని కాటా దగ్గర బరువు పట్టి, పేజీలో ఉండాల్సిన గడిలో తనే నింపుతుంది. కుడివైపు చిట్టా మూసేశాడు, అనువాదం మూసేశాడు. ఇంటిపెద్దను అడగకుండా అల్లుడు ఏ పనీ చేయకుండా కట్టడి చేశానక్కా, ఈ విద్య నాకెవరూ నేర్పనక్కర్లేదు అన్నాడు. పేజీ బిగుసుకుపోయినప్పుడు చూపించడానికి ఒక హెచ్చరిక కూడా రాశానన్నాడు. సరే మంచిదన్నాను. ఆ తర్వాత మా ఆఫీసులో అది బిగుసుకోనూ లేదు, ఆ హెచ్చరిక నా కంట పడనూ లేదు.

ఒక్కటే భయం నాకు, వెలిచ్కో గారి కంప్యూటర్. దాన్ని ఎప్పుడు కొన్నారో వాళ్ళకే గుర్తులేదు. కొత్తది కొనండి, ఈ బ్రౌజర్‌కు అది చాలదని నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను. ఆయన దాని నెత్తిన చెయ్యి వేసి, బాగానే ఉందిగా అన్నాడు. ఆయన బాగానే ఉందన్నాక ఇక దానికి రోగం లేనట్టే లెక్క.

మొదటి రోజు రానే వచ్చింది. తెల్లారేసరికి యార్డు నిండా వ్యాన్లు, ట్రాక్టర్లు, డిక్కీలో పెట్టెలు కుక్కుకొచ్చిన పాత కార్లు. రైతులు చేతుల్లో వేడి బానిత్సా, జున్ను పెట్టిన పొరల రొట్టె, పట్టుకుని తింటూ, ఆ నూనె చేతులతోనే ఒకరి చెర్రీలు ఒకరు తీసి రుచి చూసి పెదవి విరుస్తున్నారు. మోసం లేదని అందరికీ కనబడాలని వెలిచ్కో ఎప్పుడో గది బయటి గోడకు ఒక పెద్ద టీవీ తగిలించాడు. నెవెనా ముందున్న తెరలో ఏముంటే అదే అందులోనూ కనిపిస్తుంది, కాటా అంకె ఊరంతా చదవొచ్చు. నేను ఆవిడ వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వెలిచ్కో గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యావోర్ కాసేపు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగి, చూడలేక యార్డులోకి పోయి పెట్టెలు మోయడం మొదలెట్టాడు.

చెప్పొద్దూ, పని మహా జోరుగా సాగింది. పెట్టె ఎక్కడం, ఎఫ్-ఫైవ్, పేజీలో పేరు, చీటీ, తర్వాతివాడు. నెవెనా వేళ్ళు గెంతులేస్తున్నాయి. పోయినేడు ఈపాటికి ముగ్గురు కొట్టుకున్నారు అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నాకు గర్వంగా ఉంది. ఆ బ్రౌజర్ ముక్క మీద కూడా కాస్త ప్రేమ పుట్టుకొచ్చింది.

అప్పుడు స్పాస్ వంతు వచ్చింది. కాటా మీద పెట్టెలెక్కాయి, బరువు పడింది. తోట ఏదని పేజీ అడిగింది. నెవెనా ఆ గడి నొక్కింది. ఆ జర్మన్లు పుణ్యాత్ములు, సీజన్ మొదటి రోజని కానుక ఇచ్చినట్టు, సరిగ్గా ఆ నిమిషానికే కొత్తగా ఒక మ్యాప్ పెట్టారు. తోటలు, గట్లు, చెట్లతో సహా గీసిన మహా మ్యాప్. మాకు మాటమాత్రం చెప్పలేదు. అంత మ్యాప్‌నూ ఒక్కసారి నెత్తిన పడేసరికి ఆ పాత కంప్యూటర్ ఊపిరి బిగబట్టింది. బాణం కదలదు, గడి కదలదు. కాసేపటికి తెర మధ్యలో ఒక తెల్లటి పెట్టె తెరుచుకుంది. బయట టీవీలో కూడా, మూరెడేసి అక్షరాల్లో.

‘ఇల్లరికం అల్లుడు పలకడం లేదు. ఇంట్లోంచి గెంటేద్దామా, కాసేపు ఆగుదామా?’

కింద రెండు బటన్లు. ఒకదాని మీద ‘గెంటెయ్’, రెండోదాని మీద ‘ఆగుదాం’.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్పాస్ కళ్ళజోడు తెచ్చుకోలేదు కాబట్టి తల వెనక్కి వాల్చి, కూడబలుక్కుంటూ, తన ఆ పెద్ద గొంతుతో ప్రతి అక్షరం యార్డంతటికీ వినిపించాడు. చివరి మాట పూర్తయ్యేసరికి ఒక్కసారిగా నవ్వులు. ఒకాయన ట్రాక్టర్ బానెట్ పట్టుకుని వంగిపోయాడు. నాకు యావోర్ కనిపించాడు, చేతుల్లో పెట్టెతో గుమ్మానికి అవతల. దించనూ లేడు, కదలనూ లేడు. చెవుల దాకా ఎర్రబడిపోయింది వాడి ముఖం.

నెవెనా మౌసు మీంచి చెయ్యి తీసేసింది. వెలిచ్కో వచ్చి ఆవిడ పక్కన వంగి ఆ మౌసు అందుకున్నాడు. ఆ తెల్ల పెట్టె మా ప్రోగ్రాంది కాబట్టి దాని మీద బాణం మళ్ళీ కదిలింది, బిగుసుకుంది లోపలున్న పేజీ ఒక్కటే. కదిలి కదిలి పోయి గెంటెయ్ మీద ఆగింది. గెంటేస్తే పేజీ చచ్చి మళ్ళీ పుడుతుంది, మళ్ళీ అదే మ్యాప్ నెత్తినేసుకుని మళ్ళీ బిగుసుకుంటుంది, ఆ పూటకు పని అక్కడితో సరి. ఈ సంగతంతా ఆయనకు చెబుదామని నోరు తెరిచాను. ఆయన వెనక్కి చూడకుండానే అరచెయ్యి పైకెత్తాడు. మూసుకున్నాను.

బయట స్పాస్ ఊరుకోడు కదా. ఏం వెలిచ్కో, గెంటేదేదో తొందరగా గెంటు, ఎండకు నా చెర్రీలు కందిపోతున్నాయి అన్నాడు. మళ్ళీ నవ్వులు.

నెవెనా తెర వంకే చూస్తూ, పక్కింటావిడతో కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది.

"ఆగు. మా నాన్న ఆగలేదా?"

ఆ మాట కిటికీ దాటి బయటికి పోయింది. యార్డులో నవ్వు ఆగిపోయింది. కుర్రాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్దవాళ్ళు మాత్రం చెర్రీల వంక, నేల వంక, ఆకాశం వంక చూడసాగారు. నాకు అప్పటికిగాని వెలగలేదు. ఈ యార్డు, ఈ తోటలు, ఈ కాటా గది, అన్నీ నెవెనా తండ్రి మెతోదివి. వెలిచ్కో కొండ అవతలి ఊరి నుంచి ఒక్క పెట్టె చేత్తో పట్టుకుని ఈ ఇంట్లోకి వచ్చిన అల్లుడు. అంటే ఆయనా ఇల్లరికమే. పెద్దవాళ్ళు తర్వాత చెప్పారు, వచ్చిన కొత్తలో తీపి చెర్రీ చెట్టుకూ పుల్ల చెర్రీ చెట్టుకూ తేడా తెలియక, మామగారు ప్రాణంగా పెంచుకున్న చెట్ల వరసలో కొమ్మలన్నీ తప్పు కాలంలో నరికి కూర్చున్నాడట. ఊరంతా ఇంకేముంది గెంటేస్తాడనుకున్నారట. మెతోది ఏమీ అనకుండా కొమ్మలు మళ్ళీ చిగురించేదాకా చూస్తూ కూర్చున్నాడట. ఇదంతా ముసలివాళ్ళందరికీ తెలుసు. వెలిచ్కో ఎదుట అనే ధైర్యం మాత్రం ఒక్కడికీ లేకపోయింది. ఈ ఊళ్ళో ఇంతకాలంగా ఉంటున్న నాకే తెలియలేదంటే చూడండి.

వెలిచ్కో మెడ ఎర్రబడింది. బాణం గెంటెయ్ మీంచి కదిలి, మెల్లగా జరిగి, రెండోదాని మీదికి వచ్చింది. ఆగుదాం నొక్కాడు.

అందరం టీవీ వంక చూస్తూ నిలబడ్డాం. ఏమీ జరగలేదు. ఎవరో దగ్గారు. స్పాస్ ఏదో అనబోయి వెలిచ్కో చూపు తగిలి మానుకున్నాడు. నేను మా ఇద్దరి చదువునూ, ఆ జర్మన్లనూ, వాళ్ళు గీసిన ఒక్కో చెట్టునూ మనసులోనే తిట్టుకున్నాను. అంతలో తెరమీద పైనుంచి కిందికి ఆకుపచ్చగా కొద్దికొద్దిగా మ్యాప్ దిగడం మొదలైంది. కొండ వచ్చింది, వాగు వచ్చింది, స్పాస్ తోట వచ్చింది, దాని పక్కనే వాడి పెదనాన్న కొడుకు తోట కూడా వచ్చింది. తెల్ల పెట్టె దానంతటదే మాయమైంది. స్పాస్ బరువు ఎక్కడున్నది అక్కడే చెక్కుచెదరకుండా ఉంది. నెవెనా సరైన తోట మీద నొక్కింది, చీటీ బయటికొచ్చింది, తర్వాతివాణ్ణి రమ్మంది.

యావోర్ అప్పుడు పెట్టె దించాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని గదిలోకి వచ్చాడు. బుర్గాస్ వాళ్ళకు పట్టుదల ఎక్కువ.

"మామయ్యా, క్యూ ఆగింది, అందరూ చూశారు. గ్లాసు తాకించాం కదా. లారీ తాళాలు ఇవ్వండి."

నాకు వాణ్ణి పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది. ఎవరడిగారయ్యా నిన్ను, నోరు మూసుకుంటే పోయేదిగా. వెలిచ్కో వాడిని కింద నుంచి మీద దాకా ఒకసారి చూశాడు.

"ఆగింది క్యూ కాదు, నేను. పో, పెట్టెలు దించు."

వాడు ఇంకా అక్కడే నిలబడ్డాడు, అర్థం కానట్టు. నెవెనా మోచేత్తో ఒక పోటు పొడిచేసరికి కదిలి యార్డులోకి పోయాడు. గుమ్మం దాటాక ముక్కు తుడుచుకోవడం చూశాను. నాకూ కళ్ళు చెమర్చాయి, అబద్ధమెందుకు. మధ్యాహ్నం దాకా క్యూ మళ్ళీ ఆగలేదు.

పని ముగిశాక వాణ్ణి ఒక పక్కకు లాక్కెళ్ళి కడిగేశాను. ఆ రాత ఏమిటి, అది ఊరందరి ముందు టీవీలో పడడమేమిటి, బుద్ధుందా అని. అది ప్రయత్నాలప్పుడు నవ్వులకు రాసుకున్నదనీ, మార్చడం మర్చిపోయాననీ చెప్పాడు. ఆ పైన, ఎవరన్నా అనేముందు నేనే అనేసుకుంటే వాళ్ళకు అనడానికి ఏమీ మిగలదు కదక్కా అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా జారిపోయింది. ఇంతకాలం ఆ ఆఫీసు నవ్వులన్నీ వాడికి ఎంత బరువో నేను ఎందుకు ఆలోచించలేదో నాకే తెలియదు.

వాడేమో ఆ సాయంత్రం తన పెళ్ళాం బిల్యానాను నిలదీశాడట, మీ నాన్న సంగతి నాకెందుకు చెప్పలేదని. ఆవిడ సలాడ్‌లోకి దోసకాయ తరుగుతూ, నువ్వెప్పుడు అడిగావని అందట. మొగుణ్ణీ, తండ్రినీ పక్కపక్కన పెట్టుకుని ఇన్నాళ్ళూ లోలోపల నవ్వుకుంటూ గడిపిందన్నమాట ఆ పిల్ల.

రెండు మూడు రోజులకు నేను ఆఫీసులో కూర్చుని ఆ హెచ్చరిక మారుస్తున్నాను. ‘పేజీ స్పందించడం లేదు, మూసివేయాలా, వేచి ఉండాలా’ అని మర్యాదస్తుల భాషలో రాస్తున్నాను. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. చూస్తే వెలిచ్కో, భుజాన ఒక పెట్టె చెర్రీలతో. మా ఆఫీసు మెట్లు ఆయన ఎక్కడం అదే మొదలు. పెట్టె నా బల్లమీద, సరిగ్గా కాగితాల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. యావోర్ ఆ వేళ కింద బేకరీలో కాఫీలకు వెళ్ళాడు. లారీకి స్పాస్ బావమరిదిని పెట్టుకున్నానని, వాడు మలుపుల్లో పాటలు పాడతాడని చెప్పాడు వెలిచ్కో. తర్వాత తెర వంక చూపించి, అది మార్చేశావా అన్నాడు. ఇప్పుడే మారుస్తున్నానని, ఇక ఆ పిచ్చి రాతలు మీ యార్డులో కనబడవని క్షమాపణ కూడా చెప్పుకున్నాను. నేను క్షమాపణ చెప్పడం కూడా ఏడాదికోసారి జరిగే పని.

"మాటలు అలాగే ఉంచు. మా ఆవిడ నవ్వుకుంటోంది. ఆ మొదటి బటన్ ఒక్కటీ తీసెయ్."

"ఏది, గెంటెయ్ అన్నదా?"

అదే అన్నట్టు తెర మీద దాన్ని వేలితో పొడిచాడు. నేను ఆగలేక పాఠం మొదలెట్టాను. బాయ్ వెలిచ్కో, అలా కుదరదు, ప్రతి హెచ్చరికకూ రెండు దార్లుండాలి, ఒక్క ఆగుదాం మాత్రమే పెడితే రేపు ఆ పేజీ నిజంగానే చచ్చిపోతే మీ ఆవిడ సాయంత్రం దాకా చూస్తూ కూర్చోవాలి, ఏ పుస్తకంలోనూ ఇలా రాయరు, ఏ ప్రోగ్రామరూ ఇలా చేయడు అని. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఒక చెర్రీ తిని, గింజ నా టీ సాసర్లో పెట్టాడు.

"మరి నిజంగానే పలక్కపోతేనో?" అన్నాను.

"పలుకుతాడు. మాలాంటివాళ్ళకు కాస్త టైం పడుతుంది, అంతే."

ఆయన మెట్లు దిగేలోపే ఆ బటన్ తీసేశాను.